ఉమ్మడి కుటుంబము: ఆస్తిలో పాలు, పనిలో పాలు

ఢిల్లీ నగరమున అశోకా రోడ్డునందలి ఒకటవ సంఖ్యగల ప్రాంగణము చిరకాలముగా తెలుగువారి యిల్లని పేరు పొందినది. ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేయగా నిజాము కట్టించిన హైదరాబాద్ హౌస్ దానికి చేరువనే కలదు. రాజధానికి కార్యార్థులై వచ్చిన తెలుగువారే గాక, ఆ నగరమున వసించు ఇతర భాషలవారు కూడ ఆంధ్రభవనపు భోజనశాలకు వచ్చి, పప్పు, పులుసు, పచ్చడి మొదలగు వానితో ప్రక్కప్రక్కన కూర్చుండి భుజించుట పరిపాటి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైన పిమ్మట ఈ ఉమ్మడి యింటిని పంచుకొనవలసి వచ్చెను. పంపకము కొలిక్కి వచ్చుటకు ఇంచుమించు పదేండ్లు పట్టినది. 2024లో కుదిరిన ఏర్పాటు ననుసరించి, 19 ఎకరములకు పైబడిన ఆస్తిలో 11 ఎకరములకు మించిన భాగము ఆంధ్రప్రదేశమునకును, 8 ఎకరములకు మించిన భాగము తెలంగాణమునకును చెందినవి. గోదావరి యను పేరుగల భవనము ఒకరి పాలికి వచ్చెను. శబరి యను పేరుగల భవనము మరియొకరి పాలికి వచ్చెను. నేలపై శబరి నది గోదావరిలో కలియును. పంపకపు కాగితమున ఆ రెండును విడిపోయినవి.

ఇట్టి కాగితములలో ఎకరములు ఉండును, గదులు ఉండును, నిష్పత్తులు ఉండును. ఆ యింట దినదినమును పొయ్యి వెలిగించినవారెవరు, అంట్లు తోమినవారెవరు, వచ్చినవారికి విస్తరి వేసినవారెవరు అను లెక్క ఉండదు. ఇది అశోకా రోడ్డున మాత్రమే కనబడు విశేషము కాదు. ఏ ఉమ్మడి కుటుంబము విడిపోయినను ఆస్తికి లెక్క కలదు. పనికి లెక్క లేదు. శాసనము ఈ లెక్కను విడిచిపెట్టుటలో వింత లేదు. సాహిత్యము కూడ దీనిని విడిచిపెట్టినదా, లేక తన పద్ధతిలో వ్రాసియుంచినదా అనునది విచారింపదగిన విషయము. ఉమ్మడి కుటుంబమును గూర్చిన విమర్శ సాధారణముగా రెండు దారులలో నడచుచున్నది. ఒకరు దాని అన్యోన్యతను కొనియాడుదురు. మరియొకరు దానియందలి నిర్బంధమును నిందింతురు. ఇరువురును అడుగని ప్రశ్న ఒకటి కలదు: ఆ యింట కట్టెలు కొట్టినవా రెవరు?

ఈ ప్రశ్న అల్పముగా తోపవచ్చును. కాని భాషను పరికించినచో అది అల్పము కాదని తెలియును. అన్నదమ్ములు విడిపోయినారని చెప్పుటకు తెలుగువాడు పొలము చీలినదని మొదట చెప్పడు. వేరు కుంపటి పెట్టిరని చెప్పును. న్యాయస్థానములు ఉమ్మడి కుటుంబమునకు భోజనము, పూజ, ఆస్తి అను మూడింటను ఐక్యత లక్షణమని చెప్పుచుండగా, తెలుగు నుడికారము ఆ మూడింటికిని అడుగున నున్న నిప్పును పట్టుకొన్నది. ఆ నిప్పును నిలుపు కట్టెకు వంటచెరకు అని పేరు. కాల్చుటకు ఉపయోగించు కట్టెకు చెరకు అను తీపిమాటను చేర్చిన భాషకు, ఆ కట్టె విలువ తెలియదని చెప్పుటకు వీలులేదు.

కట్టెలు కొట్టుట ఇంటిపనులలో ఒక ప్రత్యేకమైన పని. దంపుట, విసరుట, అలుకుట, వండుట స్త్రీలవి; దున్నుట, ఏతము తొక్కుట పురుషులవి. ఈ రెండు లోకములును కలిసికొనునది పెరటిలోని కట్టెల కుప్పయొద్ద. వానలు రాకమునుపే దుంగలను చీల్చి, ఎండబెట్టి, చూరు క్రింద పేర్చుకొనవలెను. పెద్ద మొద్దు ఒక్కని వలన చీలదు. మేకు నిలుపువాడొకడు, సమ్మెట వేయువాడొకడు కావలెను. వారిరువురి నడుమ నమ్మకము కావలెను. చీలిన పేళ్లను పిల్లలు మోయుదురు. చితుకులను ముసలివారు ఏరుదురు. ఏది నిలిచి మండునో, ఏది తొందరగా అంటుకొనునో ఎరిగిన ఇల్లాలు తుమ్మను ఒకచోట, సరుగుడును ఒకచోట వేరుచేసి పెట్టుకొనును. ఇంటిలో ప్రతి వయస్సునకును ఇక్కడ ఒక చోటు కలదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. పెరటిలో పురుషుడు చేసిన పని మంచిచెడ్డలు వంటయింటిలో స్త్రీ కన్నులకు తెలియును. కట్టె పచ్చిదైనచో పొగకు ఏడ్చునది దానిని కొట్టినవాడు కాదు. ఒకరి పని మరియొకరి శరీరమునకు సుఖమో దుఃఖమో కలిగించునను ఈ ఎరుకయే కుటుంబమునకు మూలము. ఆస్తి యొక్క ఐక్యత దాని తరువాతి సంగతి.

రామాయణ మంతటిని మూడు మాటలలో చెప్పుమన్నచో తెలుగువారు 'కట్టె, కొట్టె, తెచ్చె' అందురు. సేతువును కట్టెను, రావణుని కొట్టెను, సీతను తెచ్చెను అని దాని భావము. కాని ఆ మూడు మాటలే మరియొక రీతిగ వినినచో, ఒకడు అడవికి పోయి కట్టె కొట్టి యింటికి తెచ్చినాడను సామాన్యమైన దినచర్య వినబడును. ఇది శబ్దము వలన కలిగిన యాదృచ్ఛికమే. అయినను వాల్మీకి అయోధ్యకాండను చదివిన వానికి ఈ రెండవ అర్థము పరిహాసముగా తోపదు. యమునానది దాటునప్పుడు అన్నదమ్ములిరువురును ఎండుకట్టెలను, వెదుళ్లను కూర్చి తెప్పను కట్టిరి. ఆ తెప్పపై సీత సుఖముగా కూర్చుండుటకై లక్ష్మణుడు వేతసపు కొమ్మలను, నేరేడు కొమ్మలను నరికి ఆసనము చేసెను. చిత్రకూటమున చెట్లు నరికి తెచ్చి పర్ణశాలను నిర్మించినదియు అతడే. రాజ్యమును పోగొట్టుకొన్న పిమ్మట ఆ మువ్వురి నడుమ పంచుకొనదగిన ఆస్తి ఏదియు లేదు. మిగిలినది పని మాత్రమే. అయోధ్యలో నున్నప్పటికంటె అడవిలో వారు ఎక్కువగా ఒక కుటుంబమువలె కనబడుటకు కారణము ఇదియే యని గ్రహించుటకు పెద్ద వ్యాఖ్యానము అక్కరలేదు. అయోధ్యలో కైకేయి అడిగినది రాజ్యమున పాలు. అడవిలో లక్ష్మణుడు అడుగకయే తీసికొన్నది పనిలో పాలు.

భారతము ఈ విషయమున ఇంకను విస్పష్టముగా మాటలాడును. ఏకచక్రపురమున పాండవులు భిక్షమెత్తి తెచ్చిన అన్నమును కుంతికి అప్పగింపగా, ఆమె దానిని రెండుగా చేసి ఒక సగము భీమునికిని, రెండవ సగము తక్కిన నలుగురికిని తనకును పంచుచుండెడిది. ఇది సమానమైన పంపకము కాదు. అయినను తక్కిన కొడుకులు దీనికి అసూయపడినట్లు కవి ఎక్కడను చెప్పలేదు. భీముని ఆకలి పెద్దది. అతడు మోయు బరువును పెద్దదియే. లక్కయింటినుండి తప్పించుకొని పోవునప్పుడు తల్లిని, తోడబుట్టినవారిని మోసినవాడు భీముడు. మితాక్షర న్యాయమున అన్నదమ్ముల పాళ్లు సమానములు. కుంతి న్యాయమున అవి ఆకలి ననుసరించి, మోత ననుసరించి యుండును. ఆస్తిని పంచు కొలతయు, ఇంటిని నడపు కొలతయు ఒకటి కావని ఈ చిన్న ఘట్టము తెలుపుచున్నది.

తిక్కన సోమయాజి తన భారతరచనకు ప్రారంభముగా గైకొన్న విరాటపర్వము ఒక పెద్ద కుటుంబము ఇంటిపనులలోనికి దిగిపోయిన కథ. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది సైరంధ్రి. ఎవరికి ఏ పని తగునో వారే కూర్చుండి మాటలాడి నిర్ణయించుకొందురు. రాజసూయము చేసిన కుటుంబము ఇప్పుడు వంటయిల్లు, గుఱ్ఱపుసాల, పశువుల కొట్టము, అంతఃపురము అను నాలుగు చోట్ల పనికి కుదురుకొనుచున్నది. వ్యాసుని మూలమున భీముడు తాను చేయబోవు పనిని చెప్పునప్పుడు రుచిగల కూరలను వండుదు నని మాత్రమే చెప్పి ఊరకుండడు. పెద్ద పెద్ద కట్టెల మోపులను మోసి తెచ్చెద ననియు, ఆ పనిని చూచి రాజు సంతోషించు ననియు చెప్పును. గదాయుద్ధమున సాటిలేని వీరుడు తన యోగ్యతలలో కట్టెలమోతను చేర్చుకొనుట హాస్యమునకై చేసినది కాదు. వంట తెలిసినవానికి కట్టె సంగతి మొదట తెలిసియుండవలె నని కవికి తెలియును.

ఈ పర్వమున హృదయమును కలచు ఘట్టము కీచకుని అవమానము తరువాత వచ్చునది. ద్రౌపది రాత్రివేళ వంటయింట పరుండిన భీముని లేపి తన దుఃఖమును చెప్పుకొనును. ధర్మరాజు కొలువులో జూదమాడుచున్నాడు; అర్జునుడు నాట్యము నేర్పుచున్నాడు; ఆమె వచ్చినది వంటవానియొద్దకు. వ్యాసుని కథనమున ఆమె తన రెండు చేతులను అతనికి చూపును. గంధము తీయుటవలన కాయలు కాచిన చేతులవి. భీముడు ఆ చేతులను తన ముఖమునకు చేర్చుకొని యేడ్చును. ఈ ఘట్టమును విమర్శకులు శృంగారమున కొకటిగా, రౌద్రమునకు పూర్వరంగముగా వ్యాఖ్యానించి యున్నారు. అది నిజమే కావచ్చును. కాని ఆ చేతులను చూచి యేడ్వగలిగినవాడు తానును కట్టెలు మోసి, పొయ్యిముందు నిలిచి కాయలు కాచినవాడు కావలెను. సభలో ద్రౌపది కొప్పు పట్టి యీడ్చినప్పుడు అందరును చూచిరి. ఆమె అరచేతులను చూచినవాడు ఒక్కడే. కీచకవధకు కారణమైన కోపము అక్కడ పుట్టినది.

ఇక్కడ తెలుగు సాహిత్యచరిత్రమునుండి ఒక విషయమును స్మరింపవచ్చును. విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను ఆధారము చేసికొని 'విజ్ఞానేశ్వరీయము'ను తెలుగున రచించిన మూలఘటిక కేతన తిక్కనకు సమకాలికుడు. తన దశకుమారచరిత్రమును తిక్కనకే అంకిత మొనర్చినవాడు. ఒకే కాలమున, ఒకే సాహిత్యగోష్ఠికి చెందిన ఇరువురిలో ఒకడు అన్నదమ్ములు ఆస్తిని ఎట్లు పంచుకొనవలెనో తెలుగున వ్రాసెను. మరియొకడు ఆస్తి పోయిన అన్నదమ్ములు పనిని ఎట్లు పంచుకొనిరో తెలుగున వ్రాసెను. ధర్మశాస్త్రము చేయలేని పనిని కావ్యము చేయు ననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

భాగవతమునందు ఇదే భావము మరియొక రూపమున వచ్చును. దశమస్కంధమున రాజసూయమునకు బంధువులందరును పనులు పంచుకొనిన సంగతి చెప్పబడినది. భీముడు వంటశాలకు అధికారి. సహదేవుడు వచ్చినవారిని పూజించును. నకులుడు సంభారములు సమకూర్చును. అర్జునుడు పెద్దలను సేవించును. ద్రౌపది వడ్డించును. కర్ణుడు దానము చేయును. కృష్ణుడు అతిథుల పాదములు కడుగును. సుయోధనుడు ధనాగారమును చూచును. ఈ పట్టికను పైపైన చదివినవానికి ఇది పెండ్లిపనుల చీటివలె తోచును. కాని ఈ కథ చెప్పబడినది సుయోధనుని అసూయకు కారణము తెలుపుటకు. అందరిలో ధనము లెక్కించు పని ఎవనికి వచ్చినదో అతనికే కడుపుమంట పుట్టినది. పాదములు కడిగినవానికి పుట్టలేదు, వడ్డించినదానికి పుట్టలేదు, పొయ్యియొద్ద చెమటోడ్చిన వానికి పుట్టలేదు. ధనాగారమున నిలిచినవానికి ఇతరుల కలిమి మాత్రమే కనబడును. వంటశాలలో నిలిచినవానికి ఇతరుల ఆకలి కనబడును.

కుచేలుని కథ కూడ కట్టెలను ఆశ్రయించి యున్నది. ద్వారకకు వచ్చిన పేదమిత్రుని మంచముపై కూర్చుండబెట్టి కృష్ణుడు జ్ఞాపకము చేయు సంగతులలో ముఖ్యమైనది గురుపత్ని పంపగా ఇరువురును కట్టెలకై అడవికి పోయిన దినము. అకాలమున గాలివాన వచ్చినది; చీకటి పడినది; దిక్కులు తెలియలేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు తిరిగిరి. తెల్లవారగనే గురువు సాందీపని వెదకుచు వచ్చి దీవించెను. వారు అధ్యయనము చేసిన విద్యలు అనేకములు. అయినను ఐశ్వర్యమునకును దారిద్ర్యమునకును నడుమనున్న దూరమును తొలగించుటకు అక్కరకు వచ్చినవి విద్యలు కావు. కలసి తెచ్చిన కట్టెలు. పోతన పాఠకులు భక్తిపారవశ్యమున అటుకుల ఘట్టమునకు తొందరపడి పోవుదురు. అటుకులు రుచించుటకు ముందే ఈ కట్టెలమోపు దింపబడియున్నదని గమనింపవలసియున్నది.

ఇంతవరకు చెప్పిన దానికి ఒక ప్రబలమైన ఆక్షేపణ కలదు. రాముడు పదునాలుగేండ్లకు అయోధ్యకు మరలినాడు. పాండవుల అజ్ఞాతవాసము ఒక యేడాది. రాజులు కొంతకాలము చేసిన పని వ్రతమువంటిది. గడువు తీరగనే గొడ్డలి మరియొకని చేతికి పోవును. విరాటుని వంటయింట వలలుడు విడిచిన కట్టెలను ఆ తరువాత మోసినవా రెవరో కావ్యము చెప్పదు. టాల్‌స్టాయి 'అన్నా కరేనినా' నవలయందు లేవిన్ అను భూస్వామి రైతులతో కలసి గడ్డి కోయు ఘట్టము ప్రపంచసాహిత్యమున పేరెన్నికగన్నది. అతడు పొందిన ఆనందము నిజమైనదే. కాని ఆ ఆనందమును పొందుటకు కొడవలిని దింపివేయగల స్వాతంత్ర్యము అతనికి కలదు. ప్రక్కనున్న ముసలి రైతునకు లేదు.

అదే టాల్‌స్టాయి పేరుతో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గునకు చేరువ 1910లో గాంధీజీ నెలకొల్పిన క్షేత్రము ఈ ఆక్షేపణకు సమాధానము వెదకిన ప్రయత్నములలో ఒకటి. కాలెన్‌బాక్ ఇచ్చిన భూమిపై సత్యాగ్రహుల కుటుంబములు అక్కడ వసించినవి. హిందువులు, ముసల్మానులు, పారసీకులు, క్రైస్తవులు కలసియున్న ఆ నివాసమును గాంధీజీ తన ఆత్మకథలో ఒక కుటుంబముగా పేర్కొని, తాను దానికి తండ్రివంటివాడ నని చెప్పుకొనెను. అక్కడ నౌకరులు లేరు. వంట మొదలు పాకీపని వరకు అన్నియు నివాసులే చేసికొనిరి. గుంతలు త్రవ్వుట, చెట్లు నరకుట, బరువులు మోయుట పిల్లలకు వ్యాయామమైనవి. ఉపాధ్యాయుడు చేయని పనిని పిల్లవానిచే చేయింపరాదను నియమము అక్కడ కలదు. ఉమ్మడి కుటుంబపు పాత కట్టడమునుండి రెండు మార్పులు ఇక్కడ గమనింపదగినవి. ఒకటి, ఈ కుటుంబమునకు రక్తసంబంధము అక్కరలేదు. రెండవది, కుటుంబము వెలుపలనున్న మరియొకని వీపుపై దీని భారము పడదు. రెండవ మార్పు మొదటిదానికంటె కష్టతరమైనది.

తెలుగునాట ఉమ్మడి కుటుంబములను గూర్చి గర్వించువారు ఈ రెండవ విషయమును తరచుగా మరతురు. ఇరువదిమంది ఒకే పంక్తిని భుజించిన లోగిళ్లలో ఆ ఇరువదిమందియు కట్టెలు కొట్టలేదు. సంపన్నుల పెరటిలో గొడ్డలి పట్టినవాడు పాలేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రకటించిన 'మాలపల్లి' ఈ సత్యమును నవలయొక్క మధ్యమున నిలిపినది. రామదాసు కుటుంబములో తండ్రియు, తల్లియు, బిడ్డలును శ్రమించి బ్రదుకుదురు. వారి యింట పనికి బయటివాడు లేడు. చౌదరయ్య యింట సంగదాసు పాలేరు. రెండు కుటుంబములను ప్రక్కప్రక్కన నిలిపి ఉన్నవ చూపిన భేదము ఆస్తి కలిమిలేములతో ముగియదు. ఒక యింట పని బంధుత్వము. రెండవ యింట పని జీతము. సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోవును. పనిలో పాలు తీసికొన్నవానికి ఆస్తిలోనే కాదు, ప్రాణరక్షణలో కూడ పాలు లేదని ఆ నవల చెప్పిన మాట. దాయాదిని 'పాలివా'డన్న భాషయే పొలము పని చేయువానిని 'పాలికా'పన్నది. రెండు మాటలలోను 'పాలు' వినబడును. రెండు బ్రదుకులలోను అది సమానముగా కనబడదు.

పాలేరు లేని యిండ్ల సంగతి మరియొకటి. అక్కడ పని పంచుకొనబడినదా? ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమున సత్యభామ ద్రౌపదిని, భర్తలను వశపరచుకొను మందేదైన కలదా యని అడుగును. ద్రౌపది ఇచ్చిన సమాధానము పతివ్రతాధర్మమునకు ప్రమాణముగా తరతరములు చదువబడినది. నిజమునకు అది ఒక పనుల పట్టిక. అందరికంటె ముందు లేచుట, అందరికంటె వెనుక పరుండుట, పాత్రలు శుభ్రపరచుట, వేళకు వండి పెట్టుట, ధాన్యమును కాపాడుట, సేవకుల బాగోగులు విచారించుట, ధర్మరాజు ఇంటి ఆదాయవ్యయములను తెలిసియుండుట. ఐదుగురు భర్తల కుటుంబమును నిలిపినది మందు కాదు, ఈ పట్టిక. సత్యభామ అడిగినది ప్రేమను గూర్చి. ద్రౌపది చెప్పినది పనిని గూర్చి. ఈ సంవాదమును ధర్మబోధగా మాత్రమే చదివిన విమర్శ దాని బరువును సగము పోగొట్టినది.

ఆ పట్టికను మరల తెరచినవారు ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో వచ్చిన రచయిత్రులు. రంగనాయకమ్మ ఇంటిపనిని, బయటిపనిని ఒకే త్రాసులో తూచవలెనని వాదించెను. విమల 'వంటిల్లు' కవితలో ఆ గదిని తరముల స్త్రీల జీవితముగా చూపెను. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఒక గృహిణి ఇల్లలుకుచు అలుకుచు తన పేరునే మరచిపోవును. ఇల్లలకగానే పండుగ కాదను పాతసామెతను ఆమె తలక్రిందులు చేసినది. సామెత చెప్పునది ఒక్క పనితో కార్యము పూర్తికాదని. కథ చెప్పునది పని పూర్తియైనను అలికినదానికి పండుగ లేదని. ఆ యింట తక్కినవారు ఆమెను అమ్మా యని, ఏమే యని పిలుతురు. పేరు పెట్టి పిలువవలసిన అవసరము ఎవరికిని కలుగదు. పని ఒక్కరిదే యైనప్పుడు అది చేయువారిని పనియే మ్రింగివేయును. పంచుకొన్నప్పుడు మాత్రమే ఎవరు ఏమి చేసిరో చెప్పుటకు పేరు కావలసివచ్చును. విరాటుని కొలువులో పాండవులు పేర్లు మార్చుకొనిరి. ఈ గృహిణి పేరు పోగొట్టుకొన్నది.

శాసనము ఈ నడుమ ఊరకుండలేదు. ఆంధ్రప్రదేశమున 1986లో వచ్చిన చట్టసవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితోడి పాలును కల్పించెను. 2005లో దేశమంతటికిని అట్టి హక్కు వర్తించెను. కేతన వ్రాసిన న్యాయము ఏడు శతాబ్దములకు ఈ మార్పును పొందినది. కూతురికి ఆస్తిలో పాలు వచ్చినది. కొడుకునకు పనిలో పాలు రాలేదు. దానిని ఇచ్చు చట్టము ఉండుటకు వీలులేదు. అందుచేతనే ఈ విషయము సాహిత్యమునకు చెందినది.

ఈ లోపల కట్టెయే పోవుచున్నది. 1999లో ఆంధ్రప్రదేశమున 'దీపం' పథకము, 2016లో దేశమున 'ఉజ్జ్వల' పథకము పేదయిండ్లకు గ్యాసుపొయ్యిని తెచ్చినవి. పొగకు ఏడ్చిన కన్నులకు ఇది గొప్ప ఉపశమనము. దీనిని తక్కువ చేసి మాటలాడువాడు పచ్చికట్టెతో వండి యెరుగనివాడు. అయినను ఒక పరిణామమును గుర్తింపవలెను. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రకటించిన గ్రంథమున, బహిరంగపు నిప్పునకు బదులు ఇనుపపొయ్యి, యంత్రములు వచ్చిన కొలదిని ఇంటిలో పురుషులును పిల్లలును చేయు పనులు తొలగిపోయెననియు, తల్లి పని మాత్రము తగ్గలేదనియు నిరూపింప యత్నించెను. తెలుగు లోగిళ్లకును ఈ మాట వర్తించును. కట్టెలు కొట్టుట పురుషునికి వంటయింటితో నున్న కడపటి సంబంధము. గొడ్డలి అటకపైకి ఎక్కిన దినమున పెరటిపని ముగిసినది; వంటయింటిపని ముగియలేదు. మేకు నిలుపువాడును, సమ్మెట వేయువాడును, పేళ్లు మోయు పిల్లవాడును సెలవు పుచ్చుకొనిరి. పొయ్యిముందు ఒక్కతె మిగిలినది.

కావున ఉమ్మడి కుటుంబము నశించుచున్నదని విలపించువారు దేనిని గూర్చి విలపించుచున్నారో తేల్చుకొనవలెను. నశించినది ఆస్తి ఐక్యత యైనచో దానికి విలపింప నక్కరలేదు; అది ఎందరినో అణచిపెట్టినది. నశించినది ఒకరి పని ఇంకొకరికి తగులునను ఎరుక యైనచో, అది నలుగురున్న యింటను మరల కలుగవచ్చును, ఇద్దరున్న యింటను కలుగవచ్చును. దానికి లోగిలి అక్కరలేదు. తీసికొనవలసిన పాలును అడుగకయే తీసికొను లక్ష్మణుడు కావలెను, అరచేతులను చూడగలిగిన భీముడు కావలెను. ఇకముందు ఏ కుటుంబకథను తూచునప్పుడైనను విమర్శకుడు ప్రేమను, కలహమును, పంపకమును పరిశీలించుటతో తృప్తిపడక, ఆ యింటి పనిని కవి చూచినాడా లేదా యని అడుగవలెను. చూడని కవి ఇంటిని చూడలేదు, గోడలను చూచినాడు.

అశోకా రోడ్డున ఎకరముల పంపకము కుదిరినది. ఏ భవనము ఎవరిదో కాగితమున స్పష్టముగా నున్నది. రాజధానికి వచ్చిన తెలుగువాడు ఏ రాష్ట్రపువాడైనను ఆకలివేళకు అక్కడ ఒక విస్తరికై చూచును. ఆ విస్తరి వెనుక తెల్లవారకముందే లేచి, బియ్యము కడిగి, పొయ్యి వెలిగించినవారు కొందరు కలరు. పంపకపత్రమున వారి ప్రసక్తి లేదు. వారిని గూర్చి వ్రాయుట సాహిత్యమునకు మిగిలిన పాలు.